బరువు, ఎత్తు: దూరాన్ని ఎక్కడి నుంచి కొలవాలి?

గత సంచికలో ఒక జవాబు చివర "భూమికి దూరంగా వెళ్లే కొద్దీ మన బరువు దూరం వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది" అని ఒక్క వాక్యం రాసి ముగించాను. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ వాక్యం గురించే. వాటిని చదివిన తరువాత ఆ వాక్యంలో ఒక లోపం ఉందని గ్రహించాను. "భూమికి దూరంగా" అన్నాను తప్ప, భూమిలో ఏ బిందువు నుంచి దూరమో చెప్పలేదు. పాఠకులు పడిన ఇబ్బందులన్నీ దాదాపుగా అక్కడే మొదలయ్యాయి. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సముద్రమట్టం దగ్గర 60 కిలోలు తూగే మనిషి 400 కిలోమీటర్ల ఎత్తున ఎంత తూగుతాడో విలోమ వర్గ నియమంతో కనుక్కోమని మాకు ఒక లెక్క ఇచ్చారు. నేల మీద ఎత్తు 0, పైన 400 అని తీసుకుంటే 0తో భాగించవలసి వచ్చింది. 0కి బదులు 1 పెట్టి చేస్తే 60 కిలోల మనిషి పైన అర గ్రాము కూడా తూగడం లేదు. ఎక్కడ పొరబడ్డాను?
— ఒక విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: అమ్మా, నీ భాగహారంలో తప్పు లేదు, వర్గం చేయడంలోనూ తప్పు లేదు. దూరాన్ని కొలవడం మొదలుపెట్టిన చోటే తప్పు. ఆ పొరపాటుకు నా వాక్యం కూడా కొంత కారణమై ఉండవచ్చు కాబట్టి వివరంగా చెబుతాను.

నేల మీద నిలబడిన మనిషికి భూమి నుంచి దూరం సున్నా అని మనకు సహజంగానే అనిపిస్తుంది, ఎందుకంటే పాదాలు నేలకు ఆని ఉన్నాయి. కానీ మనల్ని లాగుతున్నది పాదాల కింద ఉన్న నేల ఒక్కటే కాదు. భూమిలోని ప్రతి రాయీ, ప్రతి నీటిబొట్టూ, అటువైపు 12,700 కిలోమీటర్ల దూరంలో ఉన్న మట్టి కూడా, తన తన దూరాన్ని బట్టి మనల్ని తనవైపు లాగుతూనే ఉంటుంది. దగ్గరవి గట్టిగానూ, దూరంవి మెల్లగానూ లాగుతాయి. ఎడమవైపు ఉన్నవాటి లాగుడూ కుడివైపు ఉన్నవాటి లాగుడూ పక్కలకు పోయినంత మేర ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి, కిందికి లాగే భాగం మాత్రం మిగులుతుంది. ఇన్ని కోట్ల కోట్ల లాగుళ్లను కూడితే వచ్చే మొత్తం ఎంత అన్నది సామాన్యమైన ప్రశ్న కాదు. వస్తువు గోళాకారంలో ఉండి, మనం దానికి బయట ఉన్నంతవరకు, ఆ మొత్తం సరిగ్గా గోళంలోని పదార్థమంతా కేంద్రబిందువు దగ్గర పోగుపడి ఉంటే ఎంత ఉండేదో అంతే అవుతుందని న్యూటన్ నిరూపించి, 1687లో వెలువడిన తన గ్రంథంలో చేర్చాడు. విలోమ వర్గ నియమం కంటే ఈ నిరూపణే గొప్పదని నేను అనుకుంటాను, ఎందుకంటే ఇది లేకపోతే ఆ నియమాన్ని భూమికి అన్వయించే దారే ఉండేది కాదు.

కాబట్టి దూరాన్ని భూకేంద్రం నుంచి కొలవాలి. భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు. నేల మీద ఉన్న మనిషి దూరం 0 కాదు, అప్పటికే 6,371. అతడు 400 కిలోమీటర్లు పైకి వెళితే ఆ దూరం 6,771 అవుతుంది. బరువు దూరం వర్గానికి విలోమానుపాతంలో ఉన్నదంటే, బరువునూ దూరం వర్గాన్నీ గుణిస్తే వచ్చే లబ్ధం ఎక్కడైనా ఒక్కటే అని అర్థం. అంటే 60 × 6371 × 6371 అన్న లబ్ధమూ, కొత్త బరువు × 6771 × 6771 అన్న లబ్ధమూ సమానం. ఇంత పెద్ద సంఖ్యలను వర్గం చేయడం కంటే ముందుగా 6371ని 6771తో భాగించడం మేలు. అది 0.9409. దాని వర్గం 0.8853. దానిని 60తో గుణిస్తే 53.1 కిలోలు. నీకు అర గ్రాము కూడా రాని చోట అసలు జవాబు యాభై మూడు కిలోలు.

ఇక్కడ ఒక మాట. నిక్కచ్చిగా చెప్పాలంటే కిలో అన్నది ద్రవ్యరాశికి ప్రమాణం. ఆ మనిషి ద్రవ్యరాశి పైన కూడా 60 కిలోలే. మారేది భారం, దానిని న్యూటన్లలో చెప్పాలి. నేల మీద సుమారు 589 న్యూటన్లు, పైన సుమారు 521 న్యూటన్లు. పరీక్షలో ఇలాగే రాయి. ఈ శీర్షికలో మాత్రం, నేల మీద సరిచేసిన స్ప్రింగ్ కాటా మీద కనబడే అంకె అన్న అర్థంలో, అందరికీ అలవాటైన కిలోలనే వాడుతున్నాను.

దూరం కేంద్రం నుంచి అని ఒకసారి మనసుకు పట్టితే, ఇలాంటి లెక్కలలో తరచుగా వేసే మరొక మెలిక కూడా విడిపోతుంది. ఎత్తు రెట్టింపైతే బరువు నాలుగో వంతు అవుతుందని చాలామంది రాస్తారు. రెట్టింపు కావలసింది ఎత్తు కాదు, కేంద్రం నుంచి దూరం. ఎత్తు 400 నుంచి 800 కిలోమీటర్లకు పెరిగితే దూరం 6,771 నుంచి 7,171కి మాత్రమే పెరుగుతుంది, బరువు 53.1 నుంచి 47.4 కిలోలకు మాత్రమే తగ్గుతుంది. బరువు నిజంగా నాలుగో వంతు కావాలంటే 6,371 కిలోమీటర్ల ఎత్తుకు, అంటే మరొక భూ వ్యాసార్ధమంత పైకి వెళ్లాలి. సగం కావాలంటే కేంద్రం నుంచి దూరం 2 యొక్క వర్గమూలం రెట్లు, అంటే 1.414 రెట్లు కావాలి, ఆ ఎత్తు సుమారు 2,639 కిలోమీటర్లు. మన టెలివిజన్ ప్రసారాలను అందించే భూస్థిర ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అక్కడ 60 కిలోల బరువు 1.4 కిలోల దగ్గరికి పడిపోతుంది.

తక్కువ ఎత్తులకు ఇంత లెక్క కూడా అక్కరలేదు. ఎత్తును రెట్టించి భూ వ్యాసార్ధంతో భాగిస్తే బరువులో ఎన్నో వంతు తగ్గుతుందో దాదాపుగా వస్తుంది. కిలోమీటరు ఎత్తుకు అది 3,186లో ఒక వంతు, 60 కిలోల మనిషికి సుమారు 19 గ్రాములు. 11 కిలోమీటర్ల ఎత్తున పోయే విమానంలో సుమారు 207 గ్రాములు తగ్గుతాయి. ఎవరెస్ట్ శిఖరం ఎత్తు 8,849 మీటర్లు కాబట్టి అక్కడ సుమారు 166 గ్రాములు. ఈ సులువు పద్ధతిని 400 కిలోమీటర్లకు వాడితే మాత్రం 53.1కి బదులు 52.5 వస్తుంది. అంత ఎత్తుకు అసలు సూత్రమే వాడాలి.

ఈ నియమం నిజమేనా అని న్యూటన్ సరిచూసుకున్న తీరు నీకు నచ్చుతుందని చెబుతున్నాను. చంద్రుడు భూకేంద్రం నుంచి సుమారు 60 భూ వ్యాసార్ధాల దూరంలో ఉన్నాడు. కాబట్టి అక్కడ భూమి లాగుడు నేల మీద ఉన్నదానిలో 60 × 60, అంటే 3,600వ వంతు ఉండాలి. నేల మీద జారవిడిచిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. దానిని 3,600తో భాగిస్తే 1.36 మిల్లీమీటర్లు. మరోవైపు, చంద్రుడి దూరం, 27.3 రోజుల పరిభ్రమణ కాలం ఈ రెండే తీసుకుని, చంద్రుడు ఒక్క సెకనులో సరళరేఖను విడిచి భూమివైపు ఎంత ఒరుగుతున్నాడో విడిగా లెక్క వేయవచ్చు. అది కూడా 1.36 మిల్లీమీటర్లే. చెట్టు మీది నుంచి పడే కాయకూ ఆకాశంలోని చందమామకూ ఒకే లెక్క సరిపోవడం నేను మొదటిసారి చేతితో చేసి చూసుకున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. నువ్వూ ఒకసారి కాగితం మీద చేసి చూడు.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు తేలుతూ ఉండడం చూసి, అక్కడ గురుత్వాకర్షణ ఉండదు కాబట్టే తేలుతున్నారని అంటున్నాడు. మీరు దూరంతో తగ్గుతుందన్నారు గాని పూర్తిగా పోతుందని అనలేదు. వాడికి ఏమి చెప్పాలి?
— ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: పై లెక్కలో తీసుకున్న 400 కిలోమీటర్లు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగే ఎత్తు. అక్కడ భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో 88 శాతానికి పైగానే ఉంది. మీ అబ్బాయికి ఇంకా దగ్గరి ఉదాహరణ చెప్పండి. గుంటూరులో పుట్టిన బండ్ల శిరీష 2021 జూలై 11న రాకెట్ విమానంలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి వచ్చారు. ఆ ఎత్తున విలోమ వర్గ నియమం ప్రకారం బరువు నూటికి మూడు వంతులు కూడా తగ్గదు. అయినా ఆమె కొన్ని నిమిషాలపాటు లోపల తేలారు. కాబట్టి తేలడానికి కారణం ఎత్తు కాదు.

మన బరువు మనకు తెలిసేది భూమి లాగుతున్నందువల్ల కాదు, నేల మనల్ని పడనివ్వకుండా ఆపుతున్నందువల్ల. తిరునాళ్లలో జెయింట్ వీల్ పైనుంచి దిగేటప్పుడు కడుపులో ఏదో తేలిపోయినట్టు అనిపిస్తుంది కదా, అప్పుడు కూర్చున్న బల్ల మనల్ని ఆపడం కొంత తగ్గించింది, అంతే. బల్ల పూర్తిగా మనతోపాటే పడిపోతూ ఉంటే ఆ ఆనిక అసలే ఉండదు. శిరీష ప్రయాణించిన వాహనం ఇంజను ఆగిన తరువాత, పైకి విసిరిన బంతిలాగా, వాహనమూ అందులోని మనుషులూ కలిసి ఒకే విధంగా పైకి పోయి కిందికి పడ్డారు. అందుకే ఎవరూ దేనికీ ఆనుకోలేదు.

అంతరిక్ష కేంద్రం కూడా ఎల్లప్పుడూ పడుతూనే ఉంటుంది. అది సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్ల వేగంతో పక్కకు పోతూ, అదే సెకనులో భూమివైపు సుమారు 4.3 మీటర్లు పడుతుంది. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల, అంత దూరం పక్కకు పోయేసరికి భూతలం కూడా సరిగ్గా 4.3 మీటర్లు కిందికి వంగుతుంది. పడుతున్నా ఎత్తు తగ్గకపోవడానికి అదే కారణం. ఆకర్షణ నిజంగా లేకపోతే అంతరిక్ష కేంద్రం భూమి చుట్టూ తిరిగేదే కాదు, నేరుగా దూరంగా వెళ్లిపోయేది. ఈ చివరి మాట ఒక్కటి చెప్పినా పిల్లవాడికి విషయం అందుతుంది.

ప్రశ్న: అరకు ప్రాంతంలో రైతుల దగ్గర కాఫీ గింజలు కొంటాను. ఎలక్ట్రానిక్ కాటా విశాఖపట్నంలో కొని తెచ్చాను. కొండ మీద బరువు తగ్గుతుందని చదివిన తరువాత, 50 కిలోల బస్తాకు రైతు ఏమైనా నష్టపోతున్నాడేమోనని సందేహం కలిగింది. పాత తక్కెడే నయమా?
— ఒక వ్యాపారి, అరకులోయ

జవాబు: రైతు నష్టపోతాడేమోనని అడిగినందుకు ముందుగా మీకు నమస్కారం. అరకులోయ ఎత్తు సుమారు 900 మీటర్లు. పైన చెప్పిన సులువు పద్ధతిలో 1.8ని 6371తో భాగిస్తే పదివేలకు 2.8 వంతుల చొప్పున తగ్గుదల వస్తుంది. 50 కిలోల బస్తాకు అది 14 గ్రాములు. విశాఖలో సముద్రతీరాన సరిచేసిన కాటాను ఉన్నదున్నట్టుగా అరకు తెస్తే, లెక్క ప్రకారం బస్తాకు అంత తక్కువ చూపించాలి.

నిజానికి అంత కూడా తగ్గదు. బెలూనులో 900 మీటర్లు ఎక్కితే కాళ్ల కింద ఉండేది గాలి. అరకులో మాత్రం కాళ్ల కింద 900 మీటర్ల మందాన రాయి ఉంది, ఆ రాయి కూడా బస్తాను కిందికి లాగుతుంది. విశాలమైన పీఠభూమి అయితే ఎత్తు వల్ల తగ్గినదానిలో మూడో వంతుకు కొంచెం పైగా ఈ రాతి ఆకర్షణ తిరిగి ఇచ్చేస్తుంది. అప్పుడు తేడా 9 గ్రాముల దగ్గరికి వస్తుంది. 1735లో ఫ్రాన్స్ నుంచి దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలకు బయలుదేరిన బృందంలోని పియర్ బూగే, లోలకాలతో అక్కడి గురుత్వాన్ని కొలిచి ఈ రాతి ఆకర్షణను మొదట లెక్కకట్టాడు. ఇప్పటికీ ఆ సవరణను అతడి పేరుతోనే పిలుస్తారు. మన దేశంలో బ్రిటిష్ వారి మహా త్రికోణమితీయ సర్వే తరఫున కెప్టెన్ బసేవి లోలకాలను మోసుకుంటూ దక్షిణం నుంచి హిమాలయాల దాకా అనేక చోట్ల ఇదే కొలత తీశాడు. 1871లో లద్దాఖ్ ఎత్తులలో ఈ పని మీదే ఉండగా మరణించాడు. ఒక చిన్న దశాంశం కోసం అంత దూరం వెళ్లిన మనిషిని ఈ సందర్భంలో తలచుకోవడం న్యాయమనిపించింది.

మీ సంగతికి వస్తే, కాటాను అరకులో ఉంచిన చోటనే, ప్రమాణ తూకపు రాళ్లు పెట్టి సరిచేయిస్తే ఈ తేడా పూర్తిగా పోతుంది. తూనికలు, కొలతల శాఖ ముద్ర వేయించేటప్పుడు ఆ పని అరకులోనే చేయించండి. తక్కెడకు ఈ బాధ అసలే లేదు. కొండ మీద బస్తా ఎంత వంతు తేలికవుతుందో అవతలి పళ్లెంలోని రాళ్లూ అంత వంతే తేలికవుతాయి కాబట్టి ముల్లు కదలదు. తక్కెడ కొలిచేది ద్రవ్యరాశిని, కాటా కొలిచేది లాగుడును.

రెండు పళ్లేలూ ఒకే ఎత్తున ఉన్నంతవరకే ఇది నిజం. 1660ల్లో రాబర్ట్ హుక్ లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే పైకి త్రాసును చేర్చి, ఒక బరువును పొడవాటి తాడుతో కిందికి దించి, తేడా ఏమైనా కనిపిస్తుందేమోనని చూశాడు. ఆనాటి త్రాసుకు అది అందలేదు. రెండు వందల ఏళ్లకు పైగా గడిచిన తరువాత, మ్యూనిక్‌లో ఫిలిప్ ఫాన్ జోలీ ఒక గోపురం పైన త్రాసు నిలిపి, 21 మీటర్ల కింద మరొక పళ్లేన్ని వేలాడదీసి, 5 కిలోల బరువు పైకీ కిందికీ 31 మిల్లీగ్రాములకు పైగా మారుతున్నదని తూచి చూపించాడు. సూత్రం ప్రకారం 33 మిల్లీగ్రాములు రావాలి.

రైతు నష్టం గురించి మీకు నిజంగా పట్టింపు ఉంటే, తేమ మీద దృష్టి పెట్టండి. గింజలో తేమ నూటికి ఒక్క వంతు మారితే 50 కిలోల బస్తాలో అర కిలో మారుతుంది. అది కొండ ఎత్తు వల్ల వచ్చే తేడాకు యాభై రెట్లు.

ప్రశ్న: ఉద్యోగరీత్యా సింగపూర్ నుంచి హెల్సింకీకి మారాను. బరువు చూసుకునే అదే ఎలక్ట్రానిక్ కాటా ఇక్కడ పావు కిలో ఎక్కువ చూపిస్తోంది. రెండూ సముద్రం ఒడ్డునే ఉన్న ఊళ్లు. ఎత్తులో తేడా లేనప్పుడు ఇది ఎలా సాధ్యం?
— ఒక పాఠకుడు, ఫిన్లాండ్

జవాబు: పావు కిలో అన్నది మనిషి బరువులో ఉదయానికీ సాయంత్రానికీ కూడా మారుతుంది కాబట్టి కాటా చూపినదంతా భూమి వల్లనే అని అనలేను. అయినా మీ బరువు 60 కిలోల ప్రాంతంలో ఉంటే, ఈ రెండు ఊళ్ల మధ్య సుమారు 240 గ్రాములు పెరగవలసినదే. సముద్రమట్టం ఒక్కటే అయినా భూకేంద్రం నుంచి దూరం ఒక్కటి కాదు. భూమి ధ్రువాల దగ్గర కొంచెం అణిగి, భూమధ్యరేఖ దగ్గర కొంచెం ఉబ్బి ఉంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. దానికితోడు భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నందువల్ల, ఆ తిరుగుడు వేగం ఎక్కువగా ఉండే భూమధ్యరేఖ దగ్గర బరువు మరికొంత తగ్గుతుంది.

ఇక్కడ విలోమ వర్గ సూత్రాన్ని గుడ్డిగా వాడకూడదని ప్రత్యేకంగా చెప్పాలి. 21 కిలోమీటర్ల తేడాను సూత్రంలో వేస్తే ధ్రువానికీ భూమధ్యరేఖకూ మధ్య 0.67 శాతం తేడా వస్తుంది. తిరుగుడు వల్ల వచ్చే 0.35 శాతాన్ని దానికి కలిపితే ఒక శాతం దాటుతుంది. కొలిచి చూస్తే మొత్తం తేడా 0.53 శాతమే. కారణం, ఉబ్బిన భాగంలో ఉన్నదీ పదార్థమే, అదీ లాగుతుంది. అరకు కొండ రాయి చేసిన పనినే ఇక్కడ భూమధ్యరేఖ ఉబ్బు ఇంకా పెద్ద ఎత్తున చేస్తోంది. పదార్థమంతా కేంద్రంలో ఉన్నట్టు అనుకోవచ్చన్న సిద్ధాంతం కచ్చితమైన గోళానికే చెల్లుతుంది, భూమి కచ్చితమైన గోళం కాదు.

ఈ సంగతి మొదట బయటపడింది గడియారం వల్ల. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళవేత్త పారిస్‌లో సరిచేసిన లోలక గడియారాన్ని భూమధ్యరేఖకు దగ్గరలో ఉన్న కయెన్‌కు తీసుకువెళితే, అది రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. లోలకం పొడవును కొంచెం తగ్గిస్తేగాని సరిపోలేదు. ఆకర్షణ తగ్గితే లోలకం నెమ్మదిస్తుంది కాబట్టి, కయెన్‌లో ఆకర్షణ తక్కువని తేలింది. భూమి ధ్రువాల దగ్గర అణిగి ఉంటుందన్న తన వాదానికి న్యూటన్ దీనిని సాక్ష్యంగా వాడుకున్నాడు.

ప్రశ్న: భూగర్భ బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీ సూత్రం ప్రకారం గనిలోకి దిగేకొద్దీ భూకేంద్రానికి దగ్గరవుతాము, బరువు పెరగాలి. మా మనవడి పుస్తకంలో మాత్రం లోతుకు వెళితే బరువు తగ్గుతుందని ఉంది. 350 మీటర్ల లోతున పనిచేసేవాడి బరువు పెరుగుతుందా, తగ్గుతుందా?
— ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: మీ ప్రశ్నే ఈ నెల నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది. సూత్రాన్ని అలాగే వాడుకుంటూ పోతే కేంద్రం దగ్గర దూరం సున్నా అయి బరువు అనంతం కావాలి. అది జరగదు. ఎందుకంటే న్యూటన్ నిరూపణలో "గోళానికి బయట ఉన్నంతవరకు" అన్న షరతు ఉంది. గనిలోకి దిగిన మనిషి ఆ షరతు దాటి లోపలికి వెళ్లాడు. ఇప్పుడు అతడికి పైన, భూమి చుట్టూ చుట్టుకున్న పెంకులాంటి పొర ఒకటి 350 మీటర్ల మందాన ఉంది. ఆ పొర లోపల ఉన్న మనిషిని అది ఏ వైపుకూ లాగదని కూడా న్యూటనే నిరూపించాడు. నెత్తి మీద ఉన్న దగ్గరి భాగం కొంచెమే అయినా గట్టిగా పైకి లాగుతుంది, కాళ్ల అవతల ఎంతో దూరాన ఉన్న మిగతా పొర మెల్లగా అయినా ఎక్కువ పదార్థంతో కిందికి లాగుతుంది, రెండూ సరిగ్గా సరిపోతాయి. కాబట్టి ఆ పొరను పూర్తిగా మరిచిపోయి, దాని లోపల మిగిలిన గోళాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి.

అంటే దిగేటప్పుడు రెండు మార్పులు ఒకేసారి జరుగుతాయి. కేంద్రం దగ్గరైనందువల్ల బరువు పెరగాలి. లాగే పదార్థం ఒక పొర మేర తగ్గినందువల్ల బరువు తగ్గాలి. 60 కిలోల మనిషికి 350 మీటర్ల లోతున మొదటి కారణం వల్ల 6.6 గ్రాములు పెరుగుతాయి. రెండో కారణం వల్ల తగ్గేది ఆ పొర ఎంత బరువైన రాయి అన్నదాని మీద ఆధారపడుతుంది. మీ మనవడి పుస్తకం భూమి అంతటా ఒకే సాంద్రత ఉన్నదని అనుకుంటుంది. అప్పుడు 9.9 గ్రాములు తగ్గి, మొత్తం మీద 3.3 గ్రాముల తగ్గుదల మిగులుతుంది. ఆ షరతు కింద పుస్తకం లెక్క సరైనదే, పరీక్షలో మనవడు అదే రాయాలి.

కానీ అసలు భూమి అలా లేదు. భూమి సగటు సాంద్రత నీటికి 5.5 రెట్లు. మీరు గనిలో చూసిన ఇసుకరాయి వంటివి నీటికి సుమారు 2.5 రెట్లు మాత్రమే ఉంటాయి. బరువైన పదార్థమంతా అడుగున, ఇనుముతో నిండిన గర్భంలో ఉంది. పై పొర తేలికైనది కాబట్టి దానిని పోగొట్టుకున్నందువల్ల తగ్గేది 9.9 గ్రాములు కాదు, 4.5 గ్రాములే. పెరిగే 6.6 నుంచి అది తీసివేస్తే 2 గ్రాములకు కొంచెం పైగా మిగులుతుంది. గనిలో బరువు పెరుగుతుంది.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు, మీ వంటి బొగ్గు గనిలోనే కొలిచి చూసిన సంగతి. 1854లో ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలోని హార్టన్ గనిలో, అప్పటి రాజ ఖగోళవేత్త జార్జ్ ఏరీ ఒక లోలకాన్ని పైన, మరొకదానిని సుమారు 383 మీటర్ల లోతున ఉంచి, రెండింటినీ టెలిగ్రాఫ్ తీగ ద్వారా పంపిన సంకేతాలతో పోల్చాడు. అడుగున ఉన్న లోలకం రోజుకు రెండుంబావు సెకన్లు ముందుకు నడిచింది, అంటే అక్కడ ఆకర్షణ పైన ఉన్నదానికంటే సుమారు 19,000లో ఒక వంతు ఎక్కువ. దాని నుంచి అతడు లెక్కకట్టిన భూమి సాంద్రత 6.5కి పైగా వచ్చింది, అసలు విలువ కంటే ఎక్కువే. అయినా లోతున బరువు పెరుగుతుందన్న ఫలితం నిలిచింది.

ఇంకా కిందికి వెళ్లగలిగితే ఈ పెరుగుదల ఎడతెగకుండా సాగదు గాని, 2,890 కిలోమీటర్ల లోతున భూమి గర్భం మొదలయ్యే చోట 60 కిలోల మనిషి 65 కిలోలు తూగుతాడు. అక్కడి నుంచి తగ్గుతూ పోయి, కేంద్రం దగ్గర అన్ని వైపుల లాగుడూ సమానమై సున్నా అవుతుంది. మీరు ముప్పై ఏళ్లు పనిచేసినంత లోతులో మాత్రం, బయట 60 కిలోలున్న కార్మికుడు లోపల 60 కిలోల 2 గ్రాములు.